కొత్త ఫోల్డర్ అంటే ఏ ఫోల్డరు?

మా ల్యాప్‌టాప్ తెరిస్తే ముందుగా వెంకటేశ్వరస్వామి బొమ్మ కనబడాలి. కనబడదు. ఆయన ముఖం మీద "న్యూ ఫోల్డర్", కిరీటం మీద "న్యూ ఫోల్డర్ (2)", శంఖచక్రాల మీద (3), (4)... ఇలా పద్నాలుగు దాకా ఉండేవి. ఒకటి నేను పెట్టింది, ఒకటి మావారు పెట్టింది, మిగతావి పిల్లలిద్దరూ పెట్టినవి. ఏది ఎవరిదంటే ఎవరూ చెప్పలేరు. "దాంట్లో ఏముందిరా?" అంటే "ఏమోనమ్మా, ఓపెన్ చేసి చూడు" అంటాడు మావాడు. వంటింట్లో డబ్బా మూత తీసి చూస్తేగానీ అందులో కందిపప్పుందో శనగపప్పుందో తెలియని ఇల్లాలిని ఏమంటారు? అదే పని కంప్యూటర్ చేస్తే మాత్రం మనం ఏమీ అనం.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతే అనుకునేదాన్ని నేనూ. పోయినేడాది ఒక పొరపాటు చేశాక అలా అనుకోవడం మానేశాను. ఆ పొరపాటు ముందు చెబుతాను. తర్వాత ఈ ఫోల్డర్ చేసే పద్ధతిలో ఏం మారితే బాగుంటుందో నాకు తోచింది చెబుతాను. నేను కంప్యూటర్ చదువు చదవలేదు, బీఏ తెలుగు చదివాను. కానీ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఇరవై రెండేళ్లుగా నన్నే అడుగుతున్నారు కాబట్టి, దాచడం, వెతకడం అనే విద్యలో నాకూ కాస్త అనుభవం ఉందనుకుంటాను.

మా అత్తయ్యగారు పాటలు బాగా పాడేవారు. కచేరీ పాటలు కాదు. పెళ్లిలో తలంబ్రాల పాట, అప్పగింతల పాట, పేరంటంలో మంగళహారతులు, పిల్లల్ని ఉయ్యాల్లో వేసేటప్పటి పాటలు. కొత్తపేట దగ్గర మా అత్తవారి ఊళ్లో ఎవరింట్లో శుభకార్యమైనా ఆవిడకి ముందు కబురొచ్చేది. ఆ పాటలు పుస్తకాల్లో ఉన్నవి కావు, వాళ్ల అమ్మగారి దగ్గర నేర్చుకున్నవి. 2018 వేసవిలో మా అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుని ఫోన్లో పదకొండు పాటలు రికార్డు చేసింది. మధ్యలో కాకి అరుపు, పాలబ్బాయి గంట, "ఇది ఇంకో చరణం ఉండాలే అమ్మా, మర్చిపోయాను" అన్న మాటలు, అన్నీ ఉన్నాయందులో. ఫోను నిండిపోతే తీసి పెన్‌డ్రైవ్‌లో వేసింది. వేసేటప్పుడు న్యూ ఫోల్డర్ కొట్టింది, దాంట్లో ఇంకో న్యూ ఫోల్డర్ కొట్టింది, పరీక్షల హడావిడిలో పేరు పెట్టలేదు. తర్వాత మూడేళ్లకి అత్తయ్యగారు వెళ్లిపోయారు.

పోయినేడాది మావాడు కాలేజీ ప్రాజెక్టుకి పెన్‌డ్రైవ్ కావాలన్నాడు. నిండుగా ఉంది, ఖాళీ చేయమన్నాడు. నేను కూర్చున్నాను. న్యూ ఫోల్డర్ తెరిస్తే మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు. (2) తెరిస్తే మళ్లీ అవే ఫొటోలు. (3) తెరిస్తే లోపల ఒక న్యూ ఫోల్డర్. ఆ పక్కన సైజు రాసే చోట ఏమీ లేదు. సరే, ఇదీ ఖాళీదే, ఎవరో పొరపాటున రెండుసార్లు నొక్కి ఉంటారు అనుకున్నాను. ఇంకొక్కసారి నొక్కి లోపలికి వెళ్లి చూడలేదు. తుడిచేశాను.

రెండు నెలల తర్వాత మా ఆడపడుచు కూతురి పెళ్లి కుదిరింది. "వదినా, అమ్మ పాడిన అప్పగింతల పాట పంపించవా, అది వింటూ పంపించాలని ఉంది" అని అడిగింది. అప్పుడు తెలిసింది నేను ఏం తుడిచానో. పెన్‌డ్రైవ్‌లో తుడిచింది మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదని కూడా అప్పుడే తెలిసింది. కంప్యూటర్ షాపు అబ్బాయి దగ్గరికి పరిగెత్తాం. తుడిచేసిన వెంటనే తెచ్చి ఉంటే మొత్తం దొరికేవన్నాడు. తుడవడమంటే నిజంగా చెరపడం కాదట, "ఈ చోటు ఖాళీ" అని గుర్తు పెట్టడమేనట. ఆ తర్వాత దాని మీద కొత్త ఫైళ్లు వేస్తేనే పాతవి పోతాయట. మావాడు ప్రాజెక్టు వేసేశాడు కదా. పదకొండింటిలో నాలుగు దక్కాయి. అప్పగింతల పాట దక్కలేదు.

తప్పు నాదే, కాదనను. మావారు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. అమ్మాయి "పేరు పెట్టనిది నేనే కదమ్మా" అంది. తప్పు ఇద్దరం పంచుకున్నాం. కానీ తర్వాత చాలా రోజులు ఆలోచించాను. పేరు లేకుండా వస్తువుని దాచే సౌకర్యం ఇంత తేలిగ్గా ఎవరిచ్చారు మాకు? మా ఇంట్లో ఆవకాయ జాడీలు అయిదు ఉంటాయి. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. వాసెన కట్టేశాక ఏది బెల్లం ఆవకాయో, ఏది మాగాయో, ఏది పెసరావకాయో పైకి తెలియదు. అందుకని మా అమ్మ వాసెన గుడ్డ ముడిలో ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టేది. నేను కాగితం ముక్క అంటిస్తాను. పేరు పెట్టకుండా జాడీ అటక ఎక్కదు. అది చాదస్తం కాదు. ఏడాది తర్వాత దాన్ని దించేది నేనే అవుతానన్న హామీ లేదు, అందుకు.

అసలు ఈ ఫోల్డర్ అన్న మాటే మన ఇళ్లలోది కాదు. అమెరికా ఆఫీసుల్లో కాగితాలు పెట్టుకునే అట్ట అది. మనీలా జనపనారతో చేసిన కాగితంతో మొదట్లో తయారు చేసేవారు కాబట్టి మనీలా ఫోల్డర్ అంటారు. దాని అంచున చిన్న నాలుకలాంటి ముక్క పైకి పొడుచుకుని ఉంటుంది. మన కంప్యూటర్ బొమ్మలోనూ ఆ ముక్క ఉంది, చూడండి. అది అందానికి పెట్టింది కాదు, పేరు రాయడానికి పెట్టింది. 1981లో జిరాక్స్ కంపెనీ స్టార్ అనే కంప్యూటర్లో ఈ అట్ట బొమ్మని తెర మీదకి తెచ్చింది. 1984లో వచ్చిన మొదటి మెకింటాష్‌లో ఖాళీ ఫోల్డర్ ఒకటి ఇచ్చేవారు, కావలసినప్పుడు దానికి నకలు తీసుకునేవారు. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చాక మన ఊళ్లలో నెట్ సెంటర్ల దాకా ఫోల్డర్ అన్న మాట పాకింది. అట్ట వచ్చింది, నాలుక వచ్చింది, ఆ నాలుక మీద పేరు రాసే అలవాటు మాత్రం రాలేదు.

తెలుగులో దీనికి పేరు లేదనుకోకండి. కంప్యూటర్‌ని తెలుగులోకి తెచ్చిన స్వచ్ఛంద అనువాదకులు ఫైలుకి దస్త్రం అని, ఫోల్డర్‌కి సంచయం అని పెట్టారు. దస్త్రం మన కరణాలకి తెలిసిన మాటే, పారసీ నుంచి వచ్చింది. సంచయం అంటే కూడబెట్టినది. నాకు ఆ మాట నచ్చింది. ఫోల్డర్‌లో మడత మాత్రమే ఉంది, సంచయంలో కూడబెట్టడం ఉంది. కూడబెట్టినదానికి పేరుండాలి కదా.

ఇక నాకు తోచిన మార్పులు చెబుతాను.

మొదటిది, పేరు సంగతి. కొత్త ఫోల్డర్ చేయగానే కంప్యూటర్ "న్యూ ఫోల్డర్" అని తనే పేరు రాసేసి, మనం మారుస్తామేమోనని కాసేపు చూస్తుంది. మనం పక్కన ఎక్కడైనా నొక్కితే సరేనని ఊరుకుంటుంది. ఇక జన్మలో మళ్లీ అడగదు. "అయితే పేరు పెట్టేదాకా కదలనివ్వకూడదా?" అని మావాడు అడిగాడు. వద్దన్నాను. బలవంతం చేస్తే జనం ఏదో రెండక్షరాలు టకటకా కొట్టి పారేస్తారు, అది న్యూ ఫోల్డర్ కన్నా అన్యాయం. నేననేది వేరు. హడావిడిలో ఉన్నవాణ్ణి అప్పుడు వదిలేయాలి, తీరిగ్గా ఉన్నప్పుడు అడగాలి. పసిబిడ్డకైనా పుట్టిన క్షణంలోనే పేరు పెట్టం, పదకొండో రోజునో ఇరవయ్యొకటో రోజునో బారసాల చేస్తాం. అలాగే వారం తర్వాత ఆ ఫోల్డర్ తెరిచినప్పుడు పైన ఒక చిన్న వరస రావచ్చు: "ఇందులో 2018 మే నెలలో రికార్డు చేసిన పదకొండు పాటలున్నాయి. పేరు పెడతారా?" ఫైలు ఎప్పటిదో, ఎన్ని ఉన్నాయో, ఫొటోలో పాటలో కంప్యూటర్‌కి ఎలాగూ తెలుసు. తెలిసిన సంగతి చెప్పడానికి మొహమాటమెందుకు?

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది కదా, అదే పేర్లు పెట్టేస్తుందిగా అంటారు. పెట్టమనను. సూచించమంటాను. మా మామగారి తద్దినం నాడు విస్తళ్లు వేసి ఉన్న ఫొటో చూస్తే అది "విందు" అని పేరు పెడుతుంది. పేరు ఇంటివాళ్లే పెట్టాలి. ఆ చూడటం కూడా మన కంప్యూటర్లోనే జరగాలి, మా ఇంటి కాగితాలు ఎక్కడికో పంపించి చూపించుకోవలసిన అవసరం లేదు.

రెండోది, ఖాళీదో నిండుదో పైకి తెలియాలి. నేను మోసపోయింది ఇక్కడే. విండోస్‌లో జాబితాగా చూస్తే ఫైలుకి సైజు రాస్తుంది, ఫోల్డర్‌కి ఆ చోటు ఖాళీగా వదిలేస్తుంది. ఖాళీగా ఉన్న చోటు చూసి ఖాళీ ఫోల్డర్ అనుకోవడం నాలాంటి వాళ్లకి సహజం. లినక్స్‌లో వాడే గ్నోమ్ ఫైల్స్‌లో ఆ చోట ఎన్ని అంశాలున్నాయో అంకె వేస్తుంది. అదీ చాలదంటాను. ఫోల్డర్లో ఒకే ఫోల్డర్ ఉంటే "1" అని వేసి ఊరుకోకూడదు, అన్ని మడతల లోపలా కలిపి ఎన్ని ఫైళ్లున్నాయో చెప్పాలి. చీర మడతల్లో డబ్బు దాచినట్టు పాటలు లోపలి మడతలో ఉన్నాయి. పై మడత చూసి నేను చీర పాతసామానువాడికి ఇచ్చేశాను.

మూడోది, ముందు పోగు, తర్వాత గిన్నె. మన ఇంటిపనిలో వరస అదే. పెరట్లో కాయలు కోస్తాం, పోగేస్తాం, ఎన్నయ్యాయో చూసి దానికి తగ్గ బుట్ట తెస్తాం. కంప్యూటర్ మాత్రం ముందు బుట్ట చేయమంటుంది, తర్వాత ఒక్కొక్కటీ తెచ్చి పడేయమంటుంది. మ్యాక్ కంప్యూటర్లలో 2011 నుంచే ఒక సదుపాయం ఉంది: కావలసిన ఫొటోలన్నీ ఎంచుకుని కుడి మీట నొక్కితే "వీటితో కొత్త ఫోల్డర్" అని వస్తుంది. గ్నోమ్‌లోనూ ఉంది. మేం వాడే విండోస్‌లో ఆ కుడి మీట జాబితాలో నాకది కనబడలేదు. ఎంచుకున్నవాటితో ఫోల్డర్ చేస్తే ఇంకో లాభం ఉంది. ఖాళీ ఫోల్డర్లు పుట్టవు. మా పద్నాలుగింటిలో అయిదు అసలు ఏమీ లేనివే.

నాలుగోది, తేదీల గొడవ. మనం తేదీ ఎలా రాస్తాం? 12/05/2018 అని గీత గీసి రాస్తాం. చిన్నప్పుడు పలక మీద నుంచీ అంతే. ఫోల్డర్ పేరులో ఆ గీత కొట్టగానే విండోస్ ఒప్పుకోదు. ఈ గుర్తులు వాడకూడదు అని ఒక వరస చూపిస్తుంది: గీతలు రెండు రకాలు, రెండు చుక్కలు, నక్షత్రం, ప్రశ్నార్థకం, కొటేషన్ గుర్తు, చిన్నది పెద్దది గుర్తులు, నిలువు గీత. ఆ గీత ఫోల్డర్‌కీ ఫోల్డర్‌కీ మధ్య గోడగా కంప్యూటర్ వాడుకుంటుంది కాబట్టి మనల్ని వాడనివ్వదు. కారణం సబబే. కానీ "కూడదు" అని చెప్పి ఊరుకోవడమేమిటి? "గీత బదులు అడ్డగీత పెట్టనా?" అని అడిగి తనే 12-05-2018 అని మార్చవచ్చు. ఇంకొంచెం తెలివైనదైతే 2018-05-12 అని ఏడాది ముందు పెట్టమని సలహా ఇవ్వవచ్చు. ఏడాది ముందుంటే ఫోల్డర్లన్నీ కాలక్రమంలో వాటంతట అవే కూర్చుంటాయి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న విద్య. లినక్స్‌లో డాల్ఫిన్ అనే దాంట్లో ఇంకో చమత్కారం ఉందట. కొత్త ఫోల్డర్ పేరులో గీత పెడితే కసరదు, గీతకి అటు ఒకటి ఇటు ఒకటి, ఒకదాంట్లో ఒకటి ఫోల్డర్లు చేసిపెడుతుంది. పొరపాటుని కూడా పనికొచ్చేలా చేసుకోవడం అంటే అదీ.

ఇంకా విచిత్రం, విండోస్‌లో ఇంగ్లీషులో సి, ఓ, ఎన్ అనే మూడక్షరాలతో ఫోల్డర్ చేయలేం. మా అమ్మాయి చూపిస్తే ఏదో మంత్రం అనుకున్నాను. పూర్వం డాస్ కాలంలో తెరకీ కీబోర్డుకీ కలిపి ఆ పేరు పెట్టారట, ఆ బాకీ ఇప్పటికీ తీరలేదు. అంత పాత మాట అంత భద్రంగా నిలబెట్టుకునే యంత్రానికి మన తేదీ ఒక లెక్కా?

అయిదోది తెలుగు సంగతి. ఇది నాకు మిగతావాటికన్నా ముఖ్యం.

విండోస్‌లో ఇంగ్లీషు పెద్దక్షరాలతో రాసినా చిన్నక్షరాలతో రాసినా ఒకే పేరుగా లెక్క. ఫొటోస్ అని ఒక ఫోల్డర్ ఉంటే, అదే పేరు అన్నీ పెద్దక్షరాల్లో పెట్టి ఇంకోటి చేయబోతే "ఇప్పటికే ఉంది" అంటుంది. ఆ మర్యాద తెలుగుకి లేదు. మేం పెళ్లి అని ళకి లవత్తు ఇచ్చి రాస్తాం. మా మరిది పెళ్ళి అని ళకి ళవత్తే ఇస్తాడు. రెండూ పుస్తకాల్లో ఉన్నవే, రెండూ తప్పు కావు. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ఫోల్డర్లు. ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు. సగం ఫొటోలు పెళ్లిలో, సగం పెళ్ళిలో! ఫోన్లోంచి తెచ్చిన పేర్లలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, పొల్లు తర్వాత అక్షరం విడిగా నిలవడానికి పెట్టేది. అది చివర ఉన్న పేరూ, లేని పేరూ చూడటానికి అచ్చం ఒకటే. అలా ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కన కూర్చుంటాయి, కవలపిల్లల్లా. తల్లికి కూడా తేడా తెలియదు.

ఊరి పేర్లు చూడండి. మేం రాజమండ్రి అంటాం. 2015లో ప్రభుత్వం రాజమహేంద్రవరం అని మార్చింది. రైలు టికెట్ల మీద ఆర్జేవై అని ఉంటుంది. మా ల్యాప్‌టాప్‌లో మూడు పేర్లతోనూ మూడు ఫోల్డర్లున్నాయి. పొలం కాగితాలది ఇంకో తలనొప్పి. కొత్తపేట తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, కాబట్టి ఆ పేరుతో ఫోల్డర్ పెట్టాం. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. అటు తర్వాత అడంగల్ తీసుకుంటే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని వస్తుంది. పాత దస్తావేజు ఒక జిల్లా, కొత్త అడంగల్ ఒక జిల్లా, భూమి మాత్రం అదే భూమి, అదే గట్టు.

కాబట్టి నేను కోరేది ఇది. కొత్త ఫోల్డర్‌కి పేరు కొడుతూ ఉండగానే కంప్యూటర్ చుట్టూ ఒకసారి చూసుకోవాలి. దగ్గర పోలికలున్న పేరు ఉంటే "పెళ్ళి అని ఇప్పటికే ఒకటుంది, దాంట్లో పెడతారా, వేరే కావాలా?" అని అడగాలి. వద్దంటే మానేయాలి. దానితోపాటు ప్రతి ఫోల్డర్‌కీ ఇంకో పేరు, ఒక వాక్యం వివరం రాసుకునే చోటుండాలి. మనుషులకి బళ్లో పేరు ఒకటి, ఇంట్లో ముద్దుపేరు ఒకటి ఉన్నట్టు. రాజమండ్రి అని వెతికినా, రాజమహేంద్రవరం అని వెతికినా అదే తలుపు తెరుచుకోవాలి. విండోస్‌లో ఫోల్డర్ వివరం రాసే ఏర్పాటు ఒకటి ఉంది కానీ అది డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ అనే దాగి ఉండే ఫైల్లో రాయాలట. దాచిన చోట ఉన్నది మాలాంటివాళ్లకి లేనట్టే.

నెలల వరస కూడా చెప్పాలి. పండగల ఫొటోలు తెలుగు నెలల ప్రకారం సర్దుదామని పన్నెండు ఫోల్డర్లు చేశాను. అకారాది క్రమంలో ఆశ్వయుజం ముందొచ్చింది, శ్రావణం ఆఖరికి పోయింది. ఉగాది నాలుగో చోట కూర్చుంది. 01 చైత్రం, 02 వైశాఖం అని అంకెలు వేశాకే దారికొచ్చాయి. ఇంగ్లీషు నెలలకీ ఇదే కష్టం, ఏప్రిల్ ముందొస్తుంది. నెలల పేర్లని నెలలుగా గుర్తించడం యంత్రానికి అంత గొప్ప విద్య కాదు.

పేరు పొడుగులో కూడా మనకి అన్యాయమే. లినక్స్‌లో మామూలుగా వాడే ఏర్పాటులో పేరుకి 255 బైట్లు హద్దు. ఇంగ్లీషు అక్షరం ఒక్కో బైటు తింటే తెలుగుది మూడేసి తింటుంది. అదీ మనం లెక్కపెట్టే అక్షరాల లెక్క కాదు, వత్తు, గుడి, పొల్లు అన్నీ వేర్వేరు. లక్ష్మి అంటే నాకు రెండక్షరాలు, కంప్యూటర్‌కి ఏడు ముక్కలు, ఇరవై ఒక్క బైట్లు. కొత్తగా హద్దు పెంచమని అడగను, పేరు కొడుతుంటే ఇంకెంత చోటుందో చూపిస్తే చాలు.

"ఇంత గొడవెందుకమ్మా, ఇప్పుడెవరు ఫోల్డర్లు చూస్తున్నారు? వెతుకు అని కొడితే వస్తుంది" అని మావాడి వాదన. వాడి వయసు పిల్లలకి ఫోనే ప్రపంచం, ఏది ఎక్కడుందో వాళ్లకి అక్కర్లేదు. నేను ఒక్కటే అడిగాను. "మీ నానమ్మ పాట ఏమని కొట్టి వెతికేవాడివిరా?" ఆ ఫైళ్ల పేర్లు రికార్డింగ్ 3, రికార్డింగ్ 4. వెతుకు అనేది పేరున్నవాటికే పనిచేస్తుంది. పేరు లేనిదాన్ని పేరుతో ఎలా పిలుస్తాం?

ఇంకో మాట. ఈ ఫోల్డర్లని ఆఫీసుల కోసం తయారు చేశారు. ఆఫీసులో ఎవరి కుర్చీ వారిది, ఎవరి కంప్యూటర్ వారిది. ఇంట్లో ఒకే యంత్రం నలుగురిది. అందులో ఆధార్, పాస్‌పుస్తకం, పన్ను రశీదులు, రక్తపరీక్షలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల గొంతులు. మా వైపు ఊళ్లలో కాగితాల పెట్టె అటక మీదే ఉండేది. 1986 ఆగస్టు వరదలో పెట్టె దించి నెత్తిన పెట్టుకుని గట్టెక్కామని మా మామగారు చెప్పేవారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు నేను ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్ ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైఅల్మారాలో పెట్టాను. నీళ్ల నుంచి కాపాడిన పెన్‌డ్రైవ్‌ని నా చేతుల్తో నేనే తుడిచాను.

కంప్యూటర్లు చేసేవాళ్లకి ఎవరు చెబుతారివన్నీ? విండోస్‌లో ఫీడ్‌బ్యాక్ హబ్ అని ఒకటుంది, ఎవరైనా అందులో సలహా రాయొచ్చు. గ్నోమ్, డాల్ఫిన్ లాంటివి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు, వాటికీ సలహాలు పంపొచ్చు, తెలుగు అనువాదంలో చేయి కలపొచ్చు. కానీ పంపేవాళ్లలో ఇల్లాళ్లెంతమంది? దాచేది మనం, వెతికిపెట్టేది మనం, సలహా ఇచ్చేది ఇంకెవరో. నేను మా అమ్మాయి సాయంతో ఈ అయిదూ రాసి పంపాను. జవాబు రాలేదు. రాకపోయినా రాస్తూనే ఉంటాను.

వాళ్లు మార్చేలోగా మనం చేయగలిగింది కొంత ఉంది. ఫోల్డర్ మీద ఒకసారి నొక్కి ఎఫ్2 మీట కొడితే పేరు మార్చుకోవచ్చు. ఇంట్లో అందరూ ఒకే వర్ణక్రమం వాడాలని ఒక మాట అనుకోవచ్చు, మా ఇంట్లో పెళ్లి అనే గెలిచింది. ఏడాది ముందు, నెల తర్వాత, తేదీ ఆ తర్వాత. ప్రతి ఏడాదికీ కావలసిన బ్యాంకు, ఆస్పత్రి, పన్నులు, పండగలు లాంటి ఖాళీ ఫోల్డర్లు ఒక సెట్టుగా చేసి పెట్టుకుని ఉగాదికి నకలు తీసుకోవచ్చు. తుడిచే ముందు ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ చూస్తే లోపలి మడతలన్నీ కలిపి ఎన్ని ఫైళ్లున్నాయో తెలుస్తుంది. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది.

మొన్న ఆదివారం నలుగురం కూర్చుని పద్నాలుగు ఫోల్డర్లకీ బారసాల చేశాం. ఖాళీవి తీసేశాం, మిగిలినవాటికి పేర్లు పెట్టాం. దక్కిన నాలుగు పాటలూ ఒక ఫోల్డర్లో వేసి "2018-05 అత్తయ్యగారి పాటలు" అని పెట్టాను. మా ఆడపడుచుకి పంపాను, తణుకులో ఉన్న పినమామ్మగారికి కూడా పంపాను. ఆవిడకి అప్పగింతల పాట సగం వచ్చునట. వచ్చే నెల వెళ్లి రికార్డు చేసుకుంటాను. ఆ ఫోల్డర్‌కి పేరు ఇప్పుడే పెట్టేశాను.